సీల్ బండ మీద గీత

స్వీడన్ తూర్పు తీరంలో యెవ్లె పట్టణం దగ్గర లోవ్‌గ్రుండ్ అని ఒక చిన్న దీవి ఉంది. 1731లో ఆండర్స్ సెల్సియస్ అక్కడ ఒడ్డునున్న బండ మీద, అప్పటి నీటిమట్టం దగ్గర ఒక గీత చెక్కించాడు. పక్కనే ఆ ఏడాది అంకె కూడా వేయించాడు. ఇప్పుడా గీత నీళ్ళకు దాదాపు రెండు మీటర్ల పైన ఉంది.

మనకు సెల్సియస్ అంటే ఎండాకాలం వార్తల్లో వినిపించే డిగ్రీలే. ఉప్సాలాలో ఖగోళశాస్త్రం చెప్పిన ఈ ఆచార్యుడు క్షయతో నలభై రెండేళ్ళకే పోయాడు. ఆ కాస్త జీవితంలోనే 1736-37లో ఫ్రెంచి బృందంతో లాప్లాండ్ వెళ్ళి, భూగోళం ధ్రువాల దగ్గర అణిగి ఉందని తేల్చిన కొలతల్లో పాలుపంచుకున్నాడు. ఆయనా, ఆయన బావ ఓలోఫ్ హియోర్టరూ కలిసి అయస్కాంత సూదిని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండి, ఆకాశంలో ధ్రువకాంతి ఆడేటప్పుడు సూది కూడా చలిస్తుందని చూపించారు. 1741లో ఉప్సాలా సూది అలా అల్లాడిన రోజునే లండన్‌లో జార్జ్ గ్రాహం సూదీ అల్లాడింది. ఉప్సాలాలో 1722లో మొదలైన ఉష్ణోగ్రతల నమోదు, తొలినాళ్ళలో కొన్ని ఖాళీలున్నా, ఈనాటికీ సాగుతోంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఆ గీతే. సీల్ జంతువులు నీళ్ళలోంచి ఎక్కి పడుకునే ఇలాంటి బండలకు ఆ తీరంలో మంచి ధర ఉండేది. వేటగాళ్ళు వాటిని కొనేవారు, అమ్మేవారు, వాటి మీద పన్ను కట్టేవారు. బండ నీటికి మరీ పైకి తేలితే సీల్ ఎక్కలేదు, దాంతో బండ విలువ పోతుంది. ఒకప్పుడు పన్ను కట్టిన బండలు తన కాలానికి ఎందుకూ పనికిరాకుండా ఎత్తున నిలబడి ఉండటాన్ని సెల్సియస్ పాత కాగితాలతో పోల్చి చూశాడు. నూరేళ్ళకు మీటరుకు పైగా నీరు తగ్గుతోందని లెక్క కట్టాడు.

ఆయన చెప్పిన కారణం తప్పు. సముద్రంలో నీరే తరిగిపోతోందని ఆయన నమ్మాడు. నిజానికి లేస్తున్నది నేల. 1834లో చార్లెస్ లైయెల్ స్వీడన్ వెళ్ళి అలాంటి గీతల్ని స్వయంగా చూసి, అంతకుముందున్న అనుమానం వదులుకుని, నేల లేస్తోందని ఒప్పుకున్నాడు. ఎందుకు లేస్తోందో మరో ముప్ఫై ఏళ్ళకు స్కాట్లాండ్‌కు చెందిన థామస్ జేమీసన్ ఊహించాడు. హిమయుగంలో మూడు కిలోమీటర్ల దాకా మందమున్న మంచు ఆ నేలను కిందికి అణిచింది. మంచు కరిగి పదివేల ఏళ్ళు కావస్తున్నా నేల ఇంకా పైకి వస్తూనే ఉంది, బోత్నియా సింధుశాఖ ఉత్తరాన ఏడాదికి సెంటీమీటరు చొప్పున. ఎప్పుడో మారిపోయిన వాతావరణపు బరువు నేల లోపల ఇంకా తీరలేదన్నమాట. 1966 నుంచి దశాబ్దాలపాటు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ఒకే అక్షాంశం వెంట అవే చోట్లకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి గురుత్వాన్ని కొలిచారు. అక్కడ ఏడాదికి తగ్గేది వంద కోట్లలో ఒకటో రెండో వంతులు. ఆ కాస్త తేడాను బట్టే లేస్తున్న నేల కిందికి భూగర్భపు శిల ఎంత వచ్చి చేరుతోందో చెప్పగలుగుతున్నారు.

కారణం తప్పు చెప్పినవాడి కొలత మూడు శతాబ్దాలు పనికొచ్చింది. మన తీరం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఉప్పాడలో ఇళ్ళూ గుళ్ళూ కెరటాల్లో కలిసిపోయాయి, కాకినాడ వెళ్ళే తీరపు రోడ్డు తుఫానుకొకసారి కోసుకుపోతుంది. సముద్రం ముందుకొచ్చిందంటారు ఊళ్ళోవాళ్ళు. వచ్చింది సముద్రమా, కుంగింది నేలా? లేక గోదావరి తేవలసిన ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోయి ఒడ్డు చిక్కిపోయిందా? స్వీడన్‌కు ఎదురైన ప్రశ్నే ఇది, తిరగేసి మన ముందు నిలబడింది. విశాఖ రేవులో 1937 నుంచి టైడ్ గేజ్ నమోదులున్నాయి, అది మనకు పెద్ద ఆస్తి. అయితే టైడ్ గేజ్ చెప్పేది నీటికీ నేలకీ మధ్య తేడానే. ఆ తేడాలో ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే నేలను విడిగా కొలవాలి.

అలా కొలవడానికి కావలసిన ఓపిక మనకు కొత్తేమీ కాదు. బొంబాయి కొలాబాలో 1841లో అయస్కాంత పరిశీలన మొదలైంది. ఊళ్ళోకి ఎలక్ట్రిక్ ట్రాములు వస్తే సూదులు చెడతాయని ముందే గ్రహించి 1904లో అలీబాగ్‌లో మరో కేంద్రం పెట్టారు. 1906 దాకా రెండుచోట్లా ఒకేసారి కొలిచి, పాత అంకెల వరుసను కొత్తదానికి తెగకుండా కలిపారు. పనిముట్టు మారినా, చోటు మారినా లెక్క ఒకటే కావాలని పట్టుబట్టిన ఆ రెండేళ్ళ శ్రమకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే మన డెల్టాల్లో నేలను కొలవడానికి ఒక చిక్కుంది. సెల్సియస్‌కు గట్టి బండ దొరికింది. కోనసీమలోనూ దివిసీమలోనూ కిందంతా ఒండ్రే. అక్కడ పైపైన పాతిన సర్వే రాయి నేలతోపాటే దిగిపోతుంది, తాను దిగినట్టు చెప్పదు. లోతుగా గట్టిపొర దాకా దింపిన కడ్డీలు కావాలి. వాటి పక్కన ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచే జీపీఎస్ కేంద్రాలు కావాలి. గురుత్వాన్ని కొన్నేళ్ళకోసారి అదే దిమ్మె మీద కొలవాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ఒక్క వంతెనకు పెట్టే డబ్బులో చిన్న ముక్క చాలు. కష్టమల్లా ప్రభుత్వాలు మారినా, అధికారులు బదిలీ అయినా, ఆ అంకె రాసే మనిషి ఉద్యోగం యాభై ఏళ్ళపాటు ఖాళీ పడకుండా చూడటమే.