సద్దు లేని సత్తువ

తల్లాడ కూడలిలో పది నిమిషాలు నిలిచిన వారికి చప్పుళ్లలో ఎన్ని జాతులున్నవో తెలిసిపోతుంది. ఖమ్మం నుండి వచ్చిన దారి అక్కడ చీలి, ఒక పాయ కల్లూరు, సత్తుపల్లి మీదుగా గోదావరి సీమకు సాగుతుంది. మరొక పాయ కొత్తగూడెం బొగ్గు గనుల వైపు, ఆపైన భద్రాచలం అడవుల వైపు మళ్లుతుంది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు తమ పనిమీద తాము పోతూ ఉంటవి. ఆ మోతలో నలుగురి అన్నమున్నది కనుక సహిస్తాము. నడుమ నడుమ మాత్రం ఒక మోటారు సైకిలు తుపాకులు పేల్చినట్లు పేలుతూ పోతుంది. రహదారిని ఆనుకొని ఉన్న ఏ బడిలోనైనా సరే, పాఠం చెప్పుతున్న ఉపాధ్యాయుడు వాక్యం మధ్యలో ఆగవలసిందే. పిల్లల తలలు కిటికీ వైపు తిరగవలసిందే. ఆ మోతలో ఎవరి అన్నమూ లేదు.

దానికి మూలం చాల చిన్నది. పాత బండికి సైలెన్సరు చెడిపోతుంది. దాని స్థానంలో అసలు వంటిదే బిగించడమా, లోపల ఏమీ లేని బోలు గొట్టం తగిలించడమా అన్న ప్రశ్న వస్తుంది. ఇది మెకానిక్కు షెడ్డులో తేలిపోయే బేరమని అనుకుంటాము. నా అభిప్రాయంలో ఇది నాగరికతకు సంబంధించిన ప్రశ్న.

సైలెన్సరు చెడడం ఎవరి తప్పూ కాదు. పెట్రోలు మండినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందంటే విద్యార్థులు నమ్మకపోవచ్చును. రసాయన సమీకరణం వ్రాసి లెక్క వేసి చూడవచ్చును. దూర ప్రయాణంలో గొట్టం బాగా వేడెక్కి ఆ నీరు ఆవిరిగా వెళ్లిపోతుంది. బజారు దాకా పోయి వచ్చే చిన్న ప్రయాణాలలో అది లోపలనే నిలిచి, ఆమ్లాలతో కలిసి, ఇనుమును తినివేస్తుంది. పైన మెరుపు, లోన తుప్పు! చిల్లు పడిన నాడు మార్చవలసిందే. పాత స్పోర్ట్స్ కారు వంటి వాటిలోనైతే ఆ చిల్లు గుండా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూర్చున్నవారి వద్దకే చేరే ప్రమాదమున్నది.

ఇక సైలెన్సరు చేసే పని ఏమిటి? సిలిండరులో మండిన వాయువు దారి తెరుచుకోగానే అధిక పీడనంతో ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ దూకుడే పేలుడు శబ్దం. సైలెన్సరు దానిని విశాలమైన గదిలోకి పంపి వ్యాకోచింపజేస్తుంది. సన్నని రంధ్రాల గుండా నడిపిస్తుంది. ఒక శబ్ద తరంగాన్ని మరొక దానికి ఎదురుచేసి రెండింటినీ శాంతింపజేస్తుంది. అమెరికాలో రీవ్స్ సోదరులు ఇటువంటి సాధనానికి 1897లోనే పేటెంటు పొందినారు. గుర్రపు బండ్లు వీధులను ఏలుతున్న రోజులలోనే, మోటారు బండి ఇరుగుపొరుగును గౌరవించవలెనన్న తలపు పుట్టినదన్నమాట.

పాత యంత్రాలను ప్రేమించేవారు ఒక మాట అంటారు: “ఆ శబ్దమే బండికి ప్రాణం, సైలెన్సరు దాని గొంతు నొక్కుతున్నది.” ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. బుల్లెట్ బండి గుండె చప్పుడు వంటి నాదం విని ఆగి చూడనివారు అరుదు. కాని 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఆ బండిని సైలెన్సరుతోనే కదా జనానికి అందించినది! మనం మెచ్చిన నాదం దాని గుండా వచ్చినదే. మృదంగపు మూతను చించి వాయిస్తే నాదం హెచ్చునా?

బోలు గొట్టంతో సత్తువ పెరుగుతుందనేది రెండవ వాదం. మైసూరులో 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లను చూడండి. ఇటువంటి రెండు స్ట్రోకుల ఇంజనులో పొగగొట్టం నుండి వెనుకకు మరలిన ఒత్తిడి అల, బయటికి జారిపోబోయే కొత్త ఇంధన మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెట్టుతుంది. ఆ గొట్టపు కొలతలు చెడగొట్టినవాడు సత్తువను తానే పారబోసుకుంటున్నాడు. నాలుగు స్ట్రోకుల బండిలో కొద్దిపాటి లాభమున్నా, అది పందెపు వేగాలలో దక్కేదే గాని ఊరి వీధిలో దక్కేది కాదు.

చట్టం లేదా అంటే, ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వ నియమం ట్రాక్టరుతో సహా ప్రతి వాహనానికీ సైలెన్సరు ఉండి తీరవలెనన్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు విద్యాలయాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించడానికి వీలు కల్పించి, అక్కడ పగటి హద్దు 50 డెసిబెళ్లుగా నిర్ణయించినవి. మన రాష్ట్రపు కొన్ని పట్టణాలలో పోలీసులు బోలు గొట్టాలను పట్టి రోడ్డు రోలరు క్రింద నలిపించినారు కూడ. చూడడానికి అది బాగానే ఉంటుంది. అయితే అమ్మిన అంగడిని, బిగించిన చేతిని, డబ్బిచ్చిన తండ్రిని ప్రశ్నించనంత వరకు నలిగిన గొట్టం స్థానంలో మరొక గొట్టం మొలుస్తూనే ఉంటుంది.

అందుచేత ఈ పని రోలరు కంటె ముందు బడిలో మొదలు కావలెను. పది డెసిబెళ్లు పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లవుతుందన్న పాఠాన్ని భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుడు పరీక్షకోసమే చెప్పి విడిచిపెట్టరాదు. కిటికీ బయట పోతున్న బండిని చూపి చెప్పవలెను. తెలుగు ఉపాధ్యాయుడు నిండుకుండ తొణకదన్న సామెతకు అర్థం చెప్పేటప్పుడు అదే బండిని మరొకసారి చూపవచ్చును. ఈనాడు ఆ పాఠం వినే పిల్లవాడే రేపు తండ్రి బండిని షెడ్డుకు తోలుకుపోతాడు. “అసలుదే వేయండి, బెండు పైపు దగ్గర ప్యాకింగు కూడ మార్చండి” అని అతడు అడిగిన నాడు, మన పాఠం వాక్యం మధ్యలో ఆగకుండ పూర్తయినట్లు.