పథ్యం కాదు, పుష్టి కావాలి
మోటార్ న్యూరాన్ వ్యాధి (కండరాలను నడిపే నరకణాలు క్షీణించే జబ్బు) వచ్చిన మనిషికి దయచేసి పథ్యాలు పెట్టకండి. జబ్బనగానే నూనె, తీపి, పాలు మాన్పించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇప్పుడు దానికి కీటో డైట్లు, ఉపవాసాలు తోడయ్యాయి. ఏ పథ్యమూ ఈ వ్యాధిని నయం చేసినట్టు రుజువు లేదు. బరువు తగ్గేవాళ్లకు ముప్పు ఎక్కువని మాత్రం పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. కండరాలు కరిగిపోతున్నా, చాలామందిలో ఒళ్లు మామూలు కంటే ఎక్కువ కేలరీలు ఖర్చు చేస్తుంది. పైగా నాలుక, గొంతు కండరాలు సన్నగిల్లి మంచినీళ్లకే పొలమారుతుంది, నాలుగు ముద్దలకే అలసట వస్తుంది. ఆ నాలుగు ముద్దల్లోనే బలమంతా ఉండాలి: మెత్తగా కలిపిన ముద్దపప్పులో రెండు చెంచాల నెయ్యి, ఆపైన చిక్కటి మీగడ పెరుగు. షుగరు లాంటివి కూడా ఉంటే ఏది ఎంతో డాక్టరుతోనే తేల్చుకోవాలి. మింగుడు ఎలా ఉందో స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి, క్రమం తప్పకుండా బరువు చూసుకోవాలి. ఊపిరి తీసే కండరాల్లో సత్తువ ఉండగానే, ఆహారం నేరుగా అందించేందుకు పొట్టకు అమర్చే పెగ్ గొట్టం గురించి అడగాలి; బాగా చిక్కిపోయాక ఆ చిన్న ప్రక్రియ కూడా ప్రమాదమవుతుంది. ఇంట్లోవాళ్ల ప్రేమ తినకూడనివాటి జాబితాలు రాయడంలో కాదు, తినిపించే దారులు వెతకడంలో కనిపించాలి.