పాఠశాలా గృహములు

విద్య గరపువారు ఉపాధ్యాయుడును, పుస్తకమును మాత్రమే యని పెక్కుమంది తలంతురు. బిడ్డ కూర్చుండు గృహము సైతము దినమెల్ల నొక పాఠము చెప్పుచునే యుండును. ఎర్రగుంట్ల ప్రాంతమున నా పాఠము చెడ్డదిగా నున్నదని మా యభియోగము.

ఈ సీమ నాపరాతికి పుట్టినిల్లు. 'కడప బండ' యను పేర నీ నల్లరాయి దూరదేశముల యిండ్లకును బోవుచున్నది. మన పూర్వులు మందమైన రాతిగోడలు లేపి, దూలములపై దంతెలు పరచి, పైన చౌడుమన్ను వేసి మిద్దెలు గట్టుకొనిరి. గోడ యెండను లోనికి రానీయదు. గవాక్షి వెలుతురు నిచ్చి వేడిగాలిని వెడలించును. ఇప్పటి బడులు పెక్కింటికి పలుచని గోడలు, సిమెంటు కప్పు, నీడలేని యావరణము. రాయి గొట్టు కూలీల బిడ్డలు ఆవములో కుండలవలె నందు గూర్చుందురు. మార్చి నడుమ నొంటిపూట బడులు పెట్టి, మిట్టమధ్యాహ్నమున వారిని ఎండలో నింటికి బంపుదుము. మన గదులు పనికిరావని యొప్పుకొనుటకు వేరు సాక్ష్యము వలయునా?

2009 నాటి విద్యాహక్కు చట్టము అన్ని ఋతువులకు దగిన భవనము గావలయునని విధించినది. 2019లో నారంభమైన 'నాడు-నేడు' మరుగుదొడ్లు, మంచినీరు మున్నగునవి సమకూర్చినది. అందుకు మేము సంతసించుచున్నాము. కాని పనుల పట్టిక తీరసీమకును, రాయలసీమకును ఒక్కటే యయ్యెను.

అమెరికాలోని అరిజోనాయందు హోపీలను జాతి గలదు. వారును వాన తక్కువైన నేలపై రాతిగోడలు, మట్టికప్పులు గల యిండ్లు గట్టుకొన్నవారే. బిడ్డలను ప్రభుత్వపు బడికి బంప నిరాకరించుట మొదలగు కారణములచే 1895లో వారిలో 19 మందిని ఆల్కట్రాజ్ ద్వీపమున చెరపెట్టిరి. తమ యింటిని, భాషను హేయముగా జూపు బడి తమకు వలదని వారి వాదము. మనల నెవ్వరును చెరపెట్టలేదు. మన మిద్దె మోటుదని మనమే తీర్పు చెప్పుకొంటిమి.

మట్టిమిద్దె కురియును, ఏటేట మన్ను వేయవలయును అని కొందరాక్షేపింతురు. నిజమే. దానిని యథాతథముగా గట్టుడని మేమనలేదు. మందపు గోడ, గవాక్షి, లోతైన పంచ, వేపచెట్టు నీడ—వీనిని గైకొనుడు. పాలిషు కార్ఖానాల ప్రక్క కుప్పవడిన విరిగిన బండలు గోడలకు జాలును. ఈ జిల్లాలో నేటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. నూరు చదరపు మీటర్ల కప్పుపై బడు నీటిలో సగము తొట్టికి బట్టినను 35 వేల లీటర్లగును. పాత యింటిలో విడువవలసినదియు నొకటి గలదు: దళితుని అరుగుపై గూర్చుండనీయని యాచారము. బడి యరుగు అందరిది గావలయును.

కావున గ్రామపెద్దలారా, మరియొక గది మంజూరైన నాడు పటమునకు దలయూపకుడు. ఊరి రాతిమేస్త్రీని, పిల్లల తల్లులను పిలిచి యడుగుడు. మే నెల మధ్యాహ్నమున నా గదిలో మీరొక గంట కూర్చుండగలరేని దానిని కట్టుడు. లేనిచో త్రిప్పి పంపుడు.