ఎత్తు కాదు, బుష్‌లు చూడండి

ఉట్నూరు, జైనూరు దారుల్లో ఏళ్లకేళ్లు జనాన్ని మోసిన మహీంద్రా జీపుకు మూలం అమెరికా విల్లీస్. ఇప్పుడు కరీంనగర్ కుర్రాళ్లు పాత జీపు కొనగానే ముందు కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు వేయించి ఎత్తు పెంచుతున్నారు. నాకది నచ్చదు. పట్టీ పెరిగితే కుదుపు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది. (బండికి చేయించే మార్పుల మీద మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుంది, అదీ చదవాలి.) ఎత్తు పెంచే బదులు అరిగిన బుష్‌లు, షాకిల్ పిన్నులు, టై రాడ్ ఎండ్లు మార్చి, కొత్త షాకబ్జర్లు బిగించి, చక్రాల టో సరిచేయిస్తే స్టీరింగ్ ఊగడం చాలావరకు ఆగుతుంది. బొలెరోలా ముందు కాయిల్ స్ప్రింగులు కావాలని ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టించేవాళ్లూ ఉంటారు. ఆ డబ్బుతో బ్రేకులు బాగుచేయించుకోండి నాయనా!