చేతికి తగిన పిడి

ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవని సామెత. ఒక చేతి వేళ్ళే ఒక్కలా లేనప్పుడు లోకంలోని చేతులన్నీ ఒక్కలా ఉంటాయనుకోవడం వింతే. అయినా కర్మాగారంలో తయారయ్యే వస్తువు ఒకే అచ్చులో పోసినట్లు లక్షల సంఖ్యలో వెలువడుతుంది. వాడేవారి చేయి ఆ కొలతకు సరిపోతే సరేసరి. సరిపోకపోతే చేయే సర్దుకోవాలి. పనిముట్టు మనిషికి తగినట్లు ఉండాలా, మనిషే పనిముట్టుకు తగినట్లు మారాలా అన్న ప్రశ్న కొడవలికీ కత్తెరకూ కూడా ఉన్నదే. పిల్లలు ముచ్చటపడి ఆడే వీడియో గేమ్ కంట్రోలర్ విషయంలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కంట్రోలర్ అంటే ఆటగాడికీ తెరమీది బొమ్మకూ మధ్య ఉండే వంతెన. వేలు ఎటు నొక్కితే బొమ్మ అటు నడుస్తుంది. ఆ పిడి చేతిలో ఇమిడితే ఆటగాడు దాని సంగతే మరచిపోతాడు. ఇమడకపోతే ఆట మరచి వేళ్ళను తలచుకుంటాడు. అందువల్లనే కొత్త కంట్రోలర్ బజారులోకి వచ్చిన ప్రతిసారీ రెండు పక్షాలు బయలుదేరుతాయి. అలవాటైన రూపాన్ని కదిలించరాదని ఒక పక్షం, కొత్తదనం లేనిదే అభివృద్ధి లేదని మరో పక్షం. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కాని అసలు ప్రశ్నను రెండూ దాటవేస్తున్నాయి.

మొదటి పక్షం వాదన తేలికగా తోసిపుచ్చదగింది కాదు. ఏళ్ళ తరబడి ఒకేచోట బటన్ నొక్కిన వేలు ఆలోచన లేకుండానే అక్కడికి పోతుంది. ఆ నేర్పు ఒక సంపద. దానిని ఒక్కరోజులో వ్యర్థం చేయడం న్యాయం కాదు. అయితే అలవాటును సహజధర్మంగా భావించడం పొరపాటు. 1977లో అమెరికాలో వెలువడిన అటారీ యంత్రం ఇందుకు మంచి ఉదాహరణ. దాని కంట్రోలర్‌లో నిలువుగా ఒక కర్ర, ఎడమవైపు పైమూలలో ఒక ఎర్ర బటన్ ఉండేవి. ఆటగాడు ఎడమచేత్తో పెట్టెను పట్టుకొని ఆ బొటనవేలితో బటన్ నొక్కుతూ, కుడిచేత్తో కర్రను తిప్పేవాడు. అంటే దిక్కులు చూపే పని కుడిచేతిది.

1982లో జపాన్‌లోని నింటెండో సంస్థలో గున్‌పే యొకోయి జేబులో పట్టే మడతయంత్రం ఒకటి రూపొందించాడు. మూత మూసే యంత్రంలో నిలువు కర్ర ఇమడదు. కనుక దాని స్థానంలో కూడిక గుర్తు ఆకారంలో పలుచని మీటను ఎడమవైపు అమర్చాడు. మరుసటి సంవత్సరం అదే సంస్థ ఇంటి యంత్రం ఫ్యామికామ్‌లోనూ ఆ మీట ఎడమవైపే చోటుచేసుకుంది. ఆ తరువాత దిక్కులు చూపే పని ఎడమ బొటనవేలిదని లోకమంతా నమ్మింది. ఒక తరం కుడిచేతికి సహజమనుకున్నది మరో తరానికి ఎడమచేతికి సహజమైంది. చేతులు మారలేదు, అచ్చు మారింది. కాబట్టి “ఇది ఎప్పుడూ ఇంతే” అన్న మాట వాదన కానేరదు.

గుర్తుల సంగతీ ఇలాంటిదే. 1994లో వెలువడిన సోనీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను రూపొందించిన తెయియు గోతో, బటన్లమీద అక్షరాలకు బదులు త్రిభుజం, చతురస్రం, వృత్తం, అడ్డగీతల గుర్తు వేశాడు. వృత్తానికి ‘సరే’ అనీ, అడ్డగీతలకు ‘వద్దు’ అనీ ఆయన ఉద్దేశం. జపాన్ బడుల్లో సరైన జవాబుకు ఉపాధ్యాయులు వృత్తం చుడతారు. అందుచేత అక్కడి పిల్లలకు ఆ భావం చప్పున తెలుస్తుంది. తెలుగు పిల్లలకు జవాబుపత్రం మీద చుట్టిన సున్నా ఏమి చెబుతుందో వేరే వివరించనక్కర లేదు! అమెరికాలో అమ్మిన ఆటల్లో అడ్డగీతల బటనే చాలాచోట్ల ‘సరే’ అయింది. 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు జపాన్‌లోనూ సోనీ ఆ పద్ధతినే ప్రవేశపెట్టింది. పాతికేళ్ళ అలవాటున్న జపాన్ ఆటగాళ్ళు తమ గుర్తును తమ దేశంలోనే తలకిందులుగా నేర్చుకోవలసి వచ్చింది. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలకు ఒకే మాట రెండుచోట్ల రెండు అర్థాలివ్వడం కొత్త కాదు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్నప్పుడల్లా ఎవరి పద్ధతి నిలుస్తుంది, ఎవరు సర్దుకుంటారు అని అడగడం వారికి తెలుసు.

ఇక కొత్తదనం కోరే రెండవ పక్షం. వారు తరచు నింటెండో వీ యంత్రాన్ని ఉదాహరణగా చూపుతారు. 2006లో వచ్చిన ఆ యంత్రానికి టీవీ రిమోట్ వంటి ఒంటిచేతి కంట్రోలర్ ఇచ్చారు. టెన్నిస్ ఆటలో బంతిని కొట్టాలంటే బటన్ల వరుస నేర్వనక్కర లేదు. చేయి ఊపితే చాలు. అంతవరకు వీడియో గేమ్ ముట్టని పెద్దవారు కూడా ఆడగలిగారు. ఆ యంత్రాలు 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అయితే ఈ కొత్తదనం వెనుక ఒక కారణం ఉంది. కంట్రోలర్ చూసి భయపడే వారి చేతిని దృష్టిలో పెట్టుకొని చేసిన మార్పు అది. కారణం లేని కొత్తదనానికి ఆ గౌరవం దక్కదు. 2005లో సోనీ ప్లేస్టేషన్ 3 కోసం వంపు తిరిగిన బూమరాంగ్ ఆకారంలో ఒక కంట్రోలర్ నమూనాను ప్రదర్శించింది. చూసినవారు పెదవి విరిచారు. మరుసటి ఏడాది యంత్రం పాతరూపపు కంట్రోలర్‌తోనే బజారుకు వచ్చింది. కంటికి వింతగా ఉండడం వేరు, చేతికి హాయిగా ఉండడం వేరు.

అలవాటూ ప్రమాణం కాదు, కొత్తదనమూ ప్రమాణం కాదు. మరి ప్రమాణమేది? చేయే ప్రమాణం. వెంటనే, ఎవరి చేయి అన్న ప్రశ్న పుడుతుంది. తయారీదారులు సాధారణంగా ‘సగటు చేయి’ అని జవాబిస్తారు. ఆ సగటు మనిషి ఎక్కడున్నాడో వెదికిన ఒక పరిశోధన ఉంది. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే అధికారి 1950 దశకం తొలినాళ్ళలో 4063 మంది సిబ్బంది కొలతలను పరిశీలించాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వంటి 10 కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరని లెక్కపెట్టాడు. ఒక్కడు కూడా లేడు! సగటు మనిషి కోసం కట్టిన విమానపు గదిలో నిజానికి ఎవరికీ చోటు సరిపోదని తేలింది. ఆసనాలూ పట్టీలూ వాడేవారిని బట్టి జరుపుకొనే విధంగా ఉండాలన్న ఆలోచనకు ఈ పరిశీలన బలమిచ్చింది.

కంట్రోలర్ల చరిత్ర ఈ పాఠాన్ని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. 2001లో అమెరికాలో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కు చాలా పెద్ద కంట్రోలర్ ఇచ్చారు. లోపలి సర్క్యూట్ బోర్డు పెద్దది కావడంతో పైతొడుగూ పెరిగింది. అంటే చేతిని కాక లోపలి బోర్డును బట్టి పిడి తయారైంది. అది చాలామంది చేతికి బరువైంది. జపాన్ కోసం చేసిన చిన్న కంట్రోలర్ 2002లో అమెరికాకూ వచ్చి, క్రమంగా పెద్దదాని స్థానాన్ని ఆక్రమించింది. విచిత్రమేమంటే, 2018లో మరొక సంస్థ ఆ పాత పెద్ద కంట్రోలర్‌నే మళ్ళీ తయారుచేసి అమ్మింది. దానిని ఇష్టపడే చేతులూ ఉన్నాయన్నమాట. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నట్లే చేతికో కొలత.

పిడి కాస్త పెద్దదైతే కలిగేది ఇబ్బంది మాత్రమే. కాని వేళ్ళు కదలని పిల్లవాడికి, ఒక చేయే ఉన్న బాలికకు అదే పిడి మూసిన తలుపు. తోటివారు ఆడుతుంటే పక్కన కూర్చొని చూడవలసిన బిడ్డ పోగొట్టుకునేది ఆటను మాత్రమే కాదు, స్నేహాన్ని కూడా. ‘ఆటే కదా’ అని తీసిపారేసేవారు ఈ సంగతి గమనించాలి. పెద్దలకు ఆట కాలక్షేపం కావచ్చు. పిల్లలకు అది నలుగురిలో కలిసే చోటు.

ఈ తలుపు తెరవవచ్చునని రుజువు చేసినవారున్నారు. 1989లోనే నింటెండో అమెరికాలో చేతులతో పనిలేని కంట్రోలర్ తెచ్చింది. దానిని ఛాతీకి కట్టుకుంటారు. కర్రను గడ్డంతో కదిలిస్తారు. గొట్టంలోకి గాలి ఊదడం, పీల్చడం బటన్లు నొక్కడంతో సమానం. 2018లో మైక్రోసాఫ్ట్ వికలాంగుల కోసం పనిచేసే సంస్థలతో కలిసి అడాప్టివ్ కంట్రోలర్ తయారుచేసింది. దానిపై రెండు పెద్ద బటన్లు, వెనుకవైపు బయటి మీటలను తగిలించుకునేందుకు వరుసగా రంధ్రాలు ఉంటాయి. మోచేయి, మోకాలు, పాదం, దేనితో వీలైతే దానితో ఆడవచ్చు. దానిని ఉంచిన అట్టపెట్టెను కూడా పళ్ళతో చించే పని లేకుండా తెరిచే విధంగా రూపొందించారు. 2023లో సోనీ కూడా ఈ దారిలోనే గుండ్రని యాక్సెస్ కంట్రోలర్‌ను తెచ్చింది.

తక్కువ మంది కోసం ఇంత ఖర్చు ఎందుకని కొందరంటారు. ఖర్చు ఉన్న మాట నిజమే. 2018లో సాధారణ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ధర సుమారు 60 డాలర్లు కాగా, అడాప్టివ్ కంట్రోలర్ ధర సుమారు 100 డాలర్లు. బయటి మీటలు విడిగా కొనుక్కోవాలి. కష్టం ఎక్కువ ఉన్నవాడే సొమ్ము కూడా ఎక్కువ పెట్టాలన్నమాట. అందువల్ల ప్రత్యేకమైన వస్తువు ఒకటి తయారుచేసి, బాధ్యత తీరిందనుకోవడం చాలదు. మామూలు కంట్రోలర్‌లోనే మార్పుకు చోటుండాలి. ఏ బటన్‌కు ఏ పని అన్నది ఆటగాడే నిర్ణయించుకునే వీలు 2015లో ప్లేస్టేషన్ 4కు వచ్చింది. అందుకు కొత్త అచ్చు పోయనక్కర లేకపోయింది. యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌ను మార్చితే సరిపోయింది. ఎడమచేతి వాటం పిల్లవాడికీ, వేలికి దెబ్బ తగిలిన ఆటగాడికీ, పాత అలవాటు వదలలేని పెద్దకూ అది ఒకేలా ఉపయోగపడుతుంది. కొద్దిమంది కోసం తెరిచిన తలుపులోంచి తక్కినవారూ సుఖంగా నడుస్తారు.

కాబట్టి కొత్త కంట్రోలర్‌ను తూచవలసిన తక్కెడ వేరు. అది పాతదానిలా ఉందా, వింతగా ఉందా అన్నవి తరువాతి ప్రశ్నలు. అచ్చు పోయకముందు దానిని ఎవరెవరి చేతుల్లో పెట్టి చూశారన్నది మొదటి ప్రశ్న. చిన్న చేతులు, ముసలి చేతులు, ఎడమచేతి వాటం, వణికే వేళ్ళు, అసలు లేని వేళ్ళు – వీరంతా నమూనా దశలోనే పరీక్షకులు కావాలి. వస్తువు బజారుకు వచ్చాక వారి మొర వినడం వల్ల మరో ప్రత్యేక వస్తువు పుట్టవచ్చునేమో గాని, ఆ మొదటి వస్తువు మారదు.

ఎక్కువమందికి సరిపోతే చాలునన్న మాట పైకి న్యాయంగానే వినిపిస్తుంది. తక్కువమందిలో ఉన్నవారికి మాత్రమే ఆ మాట బరువు తెలుస్తుంది. పిడి గొప్పతనం దానికి వేగంగా అలవాటుపడిన చేతుల లెక్కతో తేలదు. అది వదిలిపెట్టిన చేతులెన్ని అన్న లెక్కతోనే తేలుతుంది.