నింద దుంపది - నేరం నూనెది

"మా అబ్బాయి కూర ముట్టడు, పప్పు ముట్టడు. ఫ్రెంచి ఫ్రైస్ పెడితే మాత్రం పళ్ళెం ఖాళీ చేస్తాడు. పెట్టవచ్చా, కూడదా?" అని తల్లులు తరచుగా అడుగుతూ వుంటారు. ఎప్పుడో ఒకసారి పెట్టవచ్చు. అదే అలవాటు కాకూడదు. ఎందుకో తెలియాలంటే యీ దుంప కథ కొంచెం తెలుసుకోవాలి.

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు దాన్ని యూరపుకు తెచ్చారు. తింటే కుష్టువ్యాధి వస్తుందని ఫ్రాన్సులో జనం చాలాకాలం భయపడి, పశువులకు వేసేవారు. సైన్యంలో మందులు తయారుచేసే పార్మాంటియే అనే ఆయన 1756-63 యుద్ధంలో ప్రష్యా వారికి ఖైదీగా చిక్కాడు. అక్కడ యీ దుంపలే తిని, ఆరోగ్యంగా తిరిగివచ్చి, వాటి తరపున గట్టిగా వాదించాడు. 1772లో పారిస్ వైద్య విద్యాపీఠం బంగాళాదుంప తినదగినదేనని ప్రకటించింది. ఆ తర్వాత పారిస్ వీధుల్లో వేయించిన ముక్కలు అమ్మేవారు బయలుదేరారు. మొదట వేయించింది తామేనని బెల్జియం వారు అంటారు. ఆ తగవు నేటికీ తెగలేదు.

ఇంత రుచి ఎలా వచ్చింది? కాగిన నూనెలో పడగానే ముక్క పైపొరలోని నీరు ఆవిరై, ఆ పొర కరకరలాడుతుంది. లోపలి పిండిపదార్థం ఉడికి మెత్తబడుతుంది. పైపొరలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి బంగారు రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. యీ రసాయనిక చర్యను 1912లో మాయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు.

చిక్కంతా కూడా అక్కడే వుంది. నీరు పోయిన చోటికి నూనె చేరుతుంది. 100 గ్రాముల ఉడికిన దుంపలో సుమారు 85 కేలరీలుంటే, అంతే తూకం ఫ్రెంచి ఫ్రైస్‌లో 300 దాకా వుంటాయి. ముక్కలు మాడేకొద్దీ వాటిలో అక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది. ఆహారంలో ఇది తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. జంతువులలో ఇది కేన్సరు కలిగిస్తుందని తేలింది గనుక తగ్గించుకోవడమే మేలు.

2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో, వారానికి మూడుసార్లు ఫ్రెంచి ఫ్రైస్ తినేవారిలో మధుమేహం సుమారు 20 శాతం ఎక్కువగా కనిపించింది. ఉడికించిన దుంపలు తినేవారిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే నిందపడింది దుంప మీద; నేరం మాత్రం వేపుడుది.

ఇంట్లో చేసేటప్పుడు మొలకలు వచ్చినవి, పచ్చబడినవి వాడకండి. వాటిలోని విషపదార్థం వేయించినా పూర్తిగా పోదు. ముక్కలు కాస్త లావుగా తరగండి. సన్నని ముక్కలే నూనె ఎక్కువ పీలుస్తాయి. అరగంట నీళ్ళలో నానబెట్టి, గుడ్డతో తడి బాగా అద్ది, లేత బంగారు రంగు రాగానే దించండి. మిగిలిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి. ఉప్పు పైన చిటికెడు చాలు. పెద్దవారికైనా రోజు మొత్తానికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం వున్నవారు రెండు మూడు ముక్కలు రుచి చూసి ఊరుకోవాలి. పిల్లలకు అన్నం, పప్పు, కూర తిన్న తర్వాత నాలుగు ముక్కలు పెట్టండి. అన్నానికి బదులుగా మాత్రం పెట్టకండి.