పడవ ముక్కును దించే రేకులు

స్పీడ్‌బోటు వేగం అందుకునేటప్పుడు ఒక్కసారి గమనించండి. వెనుక భాగం నీళ్లలోకి కుంగుతుంది, ముందు భాగం ఆకాశంలోకి లేస్తుంది. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకి భలే హుషారుగా ఉంటుంది. స్టీరింగు పట్టుకున్న మనిషికి మాత్రం ఆ కొద్ది సెకన్లూ ఎదురుగా ఏముందో కనిపించదు. ఈదుతున్న మనిషి తల, చేపలు పట్టేవాళ్ల చిన్న పడవ, తేలుతున్న దుంగ... ఏదైనా ఆ లేచిన ముక్కు చాటునే ఉండిపోవచ్చు. అందుకే అమెరికాలోనూ యూరప్‌లోనూ సొంత పడవలున్నవాళ్లు చాలామంది పడవ వెనుక అటొకటి, ఇటొకటి రెండు చిన్న రేకులు బిగించుకుంటారు. వాటినే 'ట్రిమ్ ట్యాబ్‌లు' అంటారు.

పడవ ఎందుకలా లేస్తుంది? బరువంతా వెనకాలే కాబట్టి! అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్ తాను పెళ్లాడబోయే అమ్మాయి అడిగిందని ఐస్‌క్రీమ్ కోసం సరస్సులో తెడ్డు వేసుకుంటూ వెళ్లాడనీ, తిరిగొచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే పడవకు తగిలించే మోటారు ఆలోచన పుట్టిందనీ ఓ కథ చెబుతారు. 1909లో ఆయన మిల్వాకీలో ఆ మోటార్ల కంపెనీ పెట్టాడు. పడవ వెనుక చెక్కకి బయటివైపు వేలాడే మోటారు అలా ఇంటింటి వస్తువైంది. సౌకర్యమే! కానీ ఇప్పటి 115 గుర్రాల ఫోర్ స్ట్రోక్ మోటారు దాదాపు 160 కిలోలుంటుంది. ఇద్దరు బలమైన మనుషులు పడవ చిట్టచివర కూర్చున్నట్టన్నమాట. పైగా బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు కూడా తరచూ అక్కడే. పొగ నిబంధనలు బిగుసుకుని, పాత తేలికపాటి టూ స్ట్రోక్ మోటార్లు పోయి బరువైన ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాక పాత పడవల తిప్పలు ఇంకాస్త పెరిగాయి.

నెమ్మదిగా వెళ్లే పడవ నీటిని పక్కకి నెట్టుకుంటూ పోతుంది. వేగం పెంచితే తను లేపిన అలనే తను ఎక్కాలి. ఆ చిన్న గట్టు దాటితే చాలు, నీటి మీద జారుతూ బల్లపరుపుగా పరిగెడుతుంది. గట్టు ఎక్కేటప్పుడే కష్టమంతా. ఇంజిను గోల పెడుతుంది, పెట్రోలు మండిపోతుంది, వేగం మాత్రం పెరగదు. చిన్న మోటారుతో నిండా జనాన్ని ఎక్కించుకున్న పడవ ఒక్కోసారి ఆ గట్టు దాటలేక ముక్కు పైకెత్తుకునే ఊరేగుతుంది.

రేకులు చేసే పని చాలా తేలిక. పడవ వెనుక చెక్క అడుగంచున తలుపు బందుల్లాంటి వాటితో వాటిని బిగిస్తారు. కొద్దిగా కిందికి వంచితే, పడవ అడుగు నుంచి వచ్చే నీరు రేకుని తాకి కిందికి మళ్లుతుంది, రేకుని పైకి నెడుతుంది. దాంతో వెనుక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. తూగుడుబల్ల సూత్రమే! 1959 నుంచీ వీటిని తయారుచేస్తున్న ఫ్లోరిడా కంపెనీ బెన్నెట్ చెప్పే లెక్క గుర్తుపెట్టుకోవడం సులువు. పడవ పొడవు ఎన్ని అడుగులో, ఒక్కో రేకు వెడల్పు కనీసం అన్ని అంగుళాలుండాలి.

రెండు రేకుల్నీ వేర్వేరుగా కదపగలగడం ఇంకో లాభం. ఓ లావుపాటి మామయ్య కుడివైపు కూర్చుని పడవ అటు ఒరిగిందనుకోండి, కుడి రేకు దించితే ఆ పక్క పైకి లేస్తుంది. మామయ్యని లేవమని చెప్పే మొహమాటం ఉండదు. అయితే చాలా పడవల్లో స్విచ్‌లు అడ్డదిడ్డంగా ఉన్నట్టు అనిపిస్తాయి. ఎడమ బటన్ నొక్కితే కుడి రేకు దిగుతుంది. బటన్ చెప్పేది రేకు సంగతి కాదు, పడవ ముక్కు ఏ పక్కకి దిగుతుందన్న సంగతి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఈ రేకుల్ని కదపడానికి పంపులు, వైర్లు, స్విచ్‌లు కావాలి. చిన్న పడవకి అంత హంగామా ఎందుకనుకునేవాళ్ల కోసం గ్యాస్ గొట్టాల రేకులు వచ్చాయి. కారు డిక్కీ తలుపుని ఎత్తి నిలబెట్టే గొట్టాల్లాంటివే ఇవి. పడవ ఆగి ఉన్నప్పుడు గొట్టంలోని నైట్రోజన్ రేకుని కిందికి నొక్కి పెడుతుంది. బయలుదేరగానే అది ముక్కుని దించుతుంది. వేగం పెరిగేకొద్దీ నీటి ఒత్తిడిదే పైచేయి అవుతుంది, రేకు దానంతటదే పైకి మడుచుకుంటుంది. నడిపేవాడు వేలు కదపక్కర్లేదు. కాకపోతే కావాలనుకున్న పక్కని మాత్రమే లేపడం వీటితో కుదరదు. రివర్సులో వెళ్లేటప్పుడు దిగి ఉన్న రేకులు నీటిని అడ్డుకుని విసిగిస్తాయి కూడా.

ఇంతకన్నా చవకైనవి మోటారు కింది భాగానికి తగిలించే రెక్కలు. కొన్నింటికి మోటారుకే రంధ్రాలు చేయాలి. కొత్త మోటారుకి రంధ్రాలు చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది!

అసలు ఖర్చు పెట్టకముందు చేయాల్సిన పని ఒకటుంది. బ్యాటరీనీ, సామాన్లనీ వీలైనంత ముందుకి జరపడం. మనుషుల్ని సర్ది కూర్చోబెట్టడం. హుస్సేన్‌సాగర్‌లో స్పీడ్‌బోటు ఎక్కినా ఈ సూత్రమే. అందరూ ఒకే పక్కకి చేరితే ఏ రేకూ పూర్తిగా కాపాడలేదు. బరువు ఎక్కువైతే మరీనూ. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకి ఎంత బరువు మోయాలో రాసిన పలక తప్పనిసరి. రేకులు బిగించినంత మాత్రాన ఆ అంకె ఒక్క కిలో కూడా పెరగదు.

ఇంకో ప్రమాదముంది. వెనుక నుంచి అలలు తరుముతున్నప్పుడు రేకులు బాగా దించి వేగంగా పోతే పడవ ముక్కు అలలోకి దూసుకుపోతుంది. చుక్కాని మాట వినకుండా పడవ ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది, లోపలున్నవాళ్లు ఎగిరి నీళ్లలో పడతారు. అలాంటప్పుడు రేకుల్ని పూర్తిగా పైకెత్తేయాలి. మనిషి పడిపోయాక ఖాళీ పడవ గిరగిరా తిరుగుతూ వచ్చి అతన్నే కొట్టడం కూడా జరిగే సంగతే. అందుకే 26 అడుగుల లోపు పడవల్లో ఇంజిను ఆపే స్విచ్ అమర్చి ఉంటే దాని తాడు తగిలించుకునే నడపాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో నిబంధన పెట్టారు. తాడు ఒక కొస స్విచ్‌కి, రెండో కొస నడిపేవాడి లైఫ్ జాకెట్‌కి. మనిషి నీళ్లలో పడగానే తాడు ఊడుతుంది, ఇంజిను ఆగిపోతుంది.